తాబేలు గేరు

నరసమ్మ ఒంటి మీద ప్రతి మచ్చకూ ఒక అబద్ధం ఉంది. కనుబొమ మీద కుట్లు కుళాయి దగ్గర జారితే పడ్డాయట. ముందు పన్ను గేదె తల విసిరితే ఊడిందట. ఎడమ మణికట్టు వంకరపోవడం గట్టు మీంచి పడటం వల్లనట. ఇన్నిసార్లు జారిపడే మనిషి బత్తాయి చెట్టెక్కితే మాత్రం కొమ్మ చివరిదాకా పోయి కాయ కోసుకొస్తుంది. మా వాడలో ఎవరికీ ఇందులో అనుమానం రాలేదు. వచ్చినవాళ్లు నోరు మెదపలేదు. కొట్టేవాడు మొగుడు, తినేది పెళ్లాం, మధ్యలో మనకెందుకని.

ఆ మొగుడి పేరు లింగయ్య. మాచర్ల వైపు నాపరాయి క్వారీల్లో పెరిగాడు. మొదట సుత్తి, తర్వాత టిప్పరు స్టీరింగు, ఆయనకు తెలిసినవి ఆ రెండే. దెబ్బకు దెయ్యమైనా దిగొస్తుందని ఆయన నమ్మకం. బోరు మోటారు ఆడకపోతే స్టార్టరు పెట్టెను తన్నేవాడు. ఫోనుకు సిగ్నల్ రాకపోతే దాన్ని గోడకేసి కొట్టేవాడు. మేస్త్రీ ఒక మాటంటే ఆ మాట ఇంటికొచ్చి నరసమ్మ వీపు మీద పడేది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, ఆ ఇంట్లో దుత్తకూ ఆమెకూ తేడా లేదు. నాకు లింగయ్య అంటే ఒళ్లు మంట. ఈ గొడవ జరిగాక వచ్చిన మంట కాదు, మొదటినుంచీ ఉన్నదే.

గురజాల దగ్గర గోపాలకృష్ణయ్య గారి బత్తాయి తోటలో మేమంతా పనికి పోతాం. తోట కొండ వాలున ఉంటుంది. పెద్ద ట్రాక్టరు దూరితే కొమ్మలు విరుగుతున్నాయని ఆయన ఎక్కడినుంచో విదేశీ చిన్న ట్రాక్టరు ఒకటి, వాడిందే, తెప్పించి లింగయ్యను డ్రైవరుగా పెట్టుకున్నాడు. దానికి అస్తమానం గేర్లు మార్చే పని లేదు. కుడికాలి కింద పెడల్ నొక్కినకొద్దీ పోతుంది, కాలు తీస్తే నిలబడుతుంది. సీటు పక్కన పొట్టి లివర్ ఒకటి ఉంటుంది. దానికి ఒక వైపు కుందేలు బొమ్మ, ఇంకో వైపు తాబేలు బొమ్మ, మధ్యలో న్యూట్రల్. ఖాళీ బండికి కుందేలు, బరువుకు తాబేలు. అంతకంటే ఏమీ లేదు.

ఆ లివరే లింగయ్యకు శత్రువైంది. కుందేలు నుంచి తాబేలుకు మార్చబోతే బిగుసుకుపోయేది. రెండు చేతులా గుంజేవాడు, మడమతో తన్నేవాడు, దాని పుట్టుక మొత్తం తవ్వి తిట్టేవాడు. ఒకరోజు తన్నిన తన్నుకు దాని తలకాయ ఊడి వచ్చి నా గంపలో పడింది. మర్నాడు నరసమ్మ పెదవి చిట్లి వచ్చింది. ఏమైందక్కా అంటే ట్రాక్టరు తలుపు తగిలిందంది. ఆ ట్రాక్టరుకు తలుపే లేదు.

నరసరావుపేట నుంచి మెకానిక్ మోయిన్ వచ్చాడు. బండి కింద పడుకుని చాలాసేపు చూశాడు. కాలు తీసేసినా బండి వెంట్రుకవాసి కదులుతోందని, అందువల్ల లోపల గేరు పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని విడవడం లేదని చెప్పి, పెడల్ రాడ్డు సరిచేసి లివర్ కీలుకు గ్రీజు పెట్టాడు. తర్వాత లింగయ్యను ఎక్కించి చూస్తే అసలు జబ్బు బయటపడింది. ఈయన లివర్ గుంజేటప్పుడు కూడా కుడికాలు పెడల్ మీదే ఉంచుతున్నాడు. కాలు పూర్తిగా తీసి, బండి నిలబడ్డాక, సాపు నేల మీద మార్చితే చాలునని, వాలులో దాని జోలికే పోవద్దని మోయిన్ ఓపిగ్గా చెప్పాడు. చివర్న ఇంకొక మాట గట్టిగా చెప్పాడు.

"లింగయ్యన్నా, దిగుడులో మాత్రం న్యూట్రల్ కొట్టమాక. ఈ బండిని పట్టుకునేది ఆ గేరే. అది ఊడిందంటే లోడు మీద నీ బ్రేకులకు ఆగదు."

క్వారీ డ్రైవర్లకు దిగుడులో న్యూట్రల్ కొట్టి బండిని దొర్లించడం ఒక విద్య. డీజిలు మిగులుతుంది, పైగా గొప్ప. ఆ విద్య పనికిరాదంటే లింగయ్య మొహం మాడిపోయింది. అది గమనించని మోయిన్ ఇంకెవరన్నా చూస్తారా అని నవ్వుతూ అడిగాడు. నరసమ్మ కొంగు బిగించి ఎక్కింది. కాలు తీసింది. ఒక్క క్షణం ఆగింది. రెండు వేళ్లతో లివర్ తాబేలు మీదికి జరిపింది. చప్పుడు కూడా రాలేదు. మేమంతా నవ్వాం, అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను. నవ్వినందుకు నాకేమీ విచారం లేదు. మర్నాడు ఆమె చేతి మీద వాతలున్నాయి. అట్లకాడ తగిలిందట.

పొద్దున్నే షెడ్డులోంచి బండి బయటికి తీసి తోటలో పెట్టే పని గోపాలకృష్ణయ్య గారు నరసమ్మకే అప్పజెప్పారు. ఆమె చేతిలో లివర్ ఎప్పుడూ మొరాయించలేదు. లింగయ్య చేతిలో ఎప్పుడూ తిన్నగా పడలేదు, ఎందుకంటే ఆయన కాలు తియ్యలేదు. కాలు తీస్తే ఓడిపోయినట్టని ఆయన లెక్క.

మాఘమాసంలో తోట చుట్టూ గోడ పెట్టడానికి పైనుంచి నాపరాళ్లు దింపుతున్నారు. ఆ రోజు పొద్దున కూడా బండి తీసింది నరసమ్మే. మధ్యాహ్నం అన్నానికి దిగుతూ ఆమె మడ్గార్డు మీద కూర్చుంది. వెనక ట్రాలీ నిండా రాళ్లు. తాబేలులో దిగితే పొద్దుగూకుతుందని లింగయ్య కుందేలులోనే దించుతున్నాడు. నేను దారి పక్కనే కాయ కోస్తున్నాను. సగం వాలులో ఆయన చెయ్యి లివర్ మీద పడింది. న్యూట్రల్ కొట్టబోతున్నాడు. మొత్తం బరువు లోపలి గేరు పళ్ల మీదే ఉంది, లివర్ ఎందుకొస్తుంది? ఆయన జాకీ రాడ్డు తీసుకున్నాడు.

"ఇక్కడ తియ్యమాక," అంది నరసమ్మ. "కిందికి పోయినాక మార్చుదువు."

ఆయన తిరిగి చూడను కూడా చూడలేదు. ఎడమ చెయ్యి వెనక్కి విసిరాడు. మోచెయ్యి ఆమె దవడకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె మడ్గార్డు మీంచి వెల్లకిలా పడింది. అదే ఊపులో కుడిచేత్తో రాడ్డు ఎత్తి లివర్ మీద ఒక దెబ్బ వేశాడు, రెండో దెబ్బ వేశాడు. ఈసారి గేరు ఊడింది. బండి ఒక్కసారిగా కిందికి ఉరికింది. ట్రాలీ చక్రం నరసమ్మ కుడికాలి మీదుగా పోయింది. ఎముక విరిగిన చప్పుడును రాళ్ల మోత మింగేసింది. ఆమె అరుపును ఏదీ మింగలేకపోయింది. బండి రెండు బత్తాయి చెట్లను కూల్చుకుంటూ పోయి మూడోదానికి గుద్దుకుని ఆగింది. లింగయ్య ఒంటి మీద గీత కూడా పడలేదు.

నేను పరుగెత్తాను. ఆమె కాలు మోకాలి కింద మట్టీ నెత్తురూ కలిసిన ముద్దలా ఉంది. లింగయ్య దిగి వచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అదే నాకు ఎక్కువ మండింది. ఏడుస్తూ గేరు బిగుసుకుంది, గేరు బిగుసుకుంది అంటూనే ఉన్నాడు. ఆటో నరసరావుపేట చేరేలోపే ఆ మాట ఊరంతా పాకింది. గోపాలకృష్ణయ్య గారు కూడా ఫోనులో అదే ఖాయం చేశారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. నేను కళ్లారా చూశానని చెప్పాను. మొగుడూ పెళ్లాల మధ్య నీకేంది పని అని లింగయ్య తమ్ముడు రాజేష్ నా మీదికొచ్చాడు. ఆమే కాదంటే నీ మాటకు విలువేందని కూడా అన్నాడు. అందులో మాత్రం నిజముంది. ఆమె ఇన్నేళ్లూ కాదంటూనే వచ్చింది.

డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు.

గేరు బిగుసుకుంటే తప్పు మెకానిక్‌దే కదా. రాజేష్ ఇద్దరిని వెంటేసుకుని మోయిన్ షెడ్డుకు పోయాడు. సరిగ్గా చెయ్యని రిపేరుకు మా వదిన కాలు పోయిందని అతని పానాలతోనే అతన్ని కొట్టారు. చెయ్యి విరిచారు, తల పగలగొట్టారు. పడిపోయినా ఆపలేదట. అతన్ని కూడా ఆ ఆస్పత్రికే తెచ్చారు. స్ట్రెచర్ మీద, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, మా వార్డు ముందునుంచే తీసుకుపోయారు. నరసమ్మ తల తిప్పి చూసింది. ఎవరని అడిగింది. నేను మొత్తం చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు.

ఆ సాయంత్రం కానిస్టేబుల్ వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చాడు. లింగయ్య మంచం పక్కనే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఏం చెప్పాలో ఆమెకు నేర్పే పని కూడా పెట్టుకోలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ నేర్పాల్సిన అవసరం రాలేదు. తనే అందుకుని, గేరు బిగుసుకుంది సార్, మెకానిక్ పాడుచేశాడు అన్నాడు. కానిస్టేబుల్ ఆమెను అడిగాడు.

నరసమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"గేరు బాగానే ఉంది సార్. పొద్దున నేనే నడిపా. మోయిన్ చేసిందాంట్లో తప్పేం లేదు. ఈయన నన్ను కొట్టాడు, నేను పడ్డా. దిగుడులో గేరు పగలగొట్టింది కూడా ఈయనే."

లింగయ్య లేచాడు. చెయ్యి కూడా లేచింది. అందరూ చూస్తుండగా, పోలీసు ఎదురుగా, కాలు పోయిన మనిషి మీదికి ఆ చెయ్యి తన అలవాటు కొద్దీ లేచి, గాలిలో నిలబడిపోయింది. నరసమ్మ మొహం అడ్డం పెట్టుకోలేదు.

"ఇది కూడా రాసుకోండి సార్," అంది.

కానిస్టేబుల్ రాసుకున్నాడు.