వరండాలోనే గడిచిన మొదటి గంట

డిగ్రీ మొదటి సంవత్సరంలో నా ప్రాణం తోడేసింది ఒక తలుపు. మూసిన తలుపు కూడా కాదు, బార్లా తెరిచి ఉన్న తలుపు. నవ్వితే నవ్వుకోండి, నాకేం.

నారాయణఖేడ్ కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళకు రోజూ మొదటి గంట ఒక సెమినార్ ఉండేది. కాలేజీలో ఎలా చదవాలి, నోట్సు ఎలా రాసుకోవాలి, అర్థం కాకపోతే ఎవరిని అడగాలి, ఇవన్నీ ఒక మేడం చెప్పేది. మా నాగల్‌గిద్ద వైపు బస్సేమో ఏనాడూ ఆ గంట మొదలయ్యేలోపు ఖేడ్ చేరి ఎరగదు. డిపోలో దిగి పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి లోపల పాఠం నడుస్తుండేది.

మా ఊరి బడిలో, తర్వాత ఇంటర్‌లోనూ ఆలస్యమైతే ఒకటే పద్ధతి. గడప బయట చేతులు కట్టుకొని నిలబడాలి. సారు చూసి "రా" అంటేనే లోపలికి. పిలవకముందే కాలు పెడితే వీపు విమానం మోతే. పన్నెండేళ్ళు అలా పెరిగినదాన్ని, ఇక్కడా అలాగే నిలబడ్డాను. మేడం పిలవలేదు. మర్నాడూ పిలవలేదు. నా తర్వాత వచ్చినవాళ్ళు నన్ను దాటుకొని దర్జాగా పోయి కూర్చునేవాళ్ళు. వీళ్ళకెంత పొగరు అని పళ్ళు కొరుక్కున్నానే తప్ప నా బుర్రకు ఏమీ తట్టలేదు. నేనేదో పెద్ద తప్పు చేశాను, అందుకే మేడం నన్ను రానివ్వడం లేదనుకున్నాను. కిటికీ పక్కన గోడకు నోటుబుక్కు ఆనించి, వినబడినంత రాసుకునేదాన్ని. గంట కొట్టాకే లోపలికి పోయి, తర్వాతి క్లాసులకు కూర్చునేదాన్ని.

మూడు వారాలయ్యాక ప్యూను ఒక నోటీసు తెచ్చి చదివాడు. ఏ ఒక్క క్లాసులో హాజరు తక్కువున్నా దసరా సెలవుల ముందు లిస్టులో పేరు పెడతారట, ఇంటికి ఫోన్ చేస్తారట. చేరిన రోజే నాయిన ఖరాఖండిగా చెప్పాడు: "మంచిగ సదువుతనంటెనే పంపుతున్న బిడ్డా. కాలేజీకెల్లి ఫోనొచ్చిందనుకో, ఇగ బస్సెక్కుడు బంద్. కంది చేన్ల పనికి మనుషులు దొర్కుతలేరు." నాయిన ఊరికే బెదిరించే మనిషి కాదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు గంట కొట్టాక, బయటికి వస్తున్న మేడంకు అడ్డంగా పోయి నిలబడ్డాను.

"ఏమమ్మా, ఏ క్లాసు నీది?" అంది.

"గీ క్లాసే, మేడం."

"మరి రోజు ఈడనే నిలబడ్తవేంది? ఎవరికోసమో చూస్తున్నవనుకున్న."

"మీరు పిలుస్తరని, మేడం."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "లేటైతే అడగకుంట వచ్చి వెనక కూసోవాలె, క్లాసు ఆగొద్దని మొదటిరోజే అందరికీ చెప్పిన గదా?"

"మొదటిరోజు గూడ బస్సు లేటే, మేడం," అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

మేడం రిజిస్టర్ తెరిచి, నా నంబరు అడిగి దాని దగ్గర వేలు పెట్టింది. "పోయినవాటిని నేనేం చెయ్యలేను. రేపటికెల్లి ఒక్కటి గూడ తప్పకపోతె లిస్టుల పడవు. కానీ నేనైతే పిలువ. యాదుంచుకో."

మర్నాడు బస్సు మళ్ళీ లేటే. తలుపు దగ్గర కాళ్ళు ఎప్పటిలాగే బిగుసుకుపోయాయి. మేడం నన్ను చూసింది. చూసి, బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ పోయింది. ఒక్క మాటంటే ఈమె సొమ్మేం పోయిందని ఒళ్ళు మండింది నాకు. ఆ మంటే లేకపోతే ఇంకెన్నాళ్ళు అక్కడే ఉండేదాన్నో! కళ్ళు మూసుకొని గడప దాటాను. వీపు బిగబట్టుకొని వెనక బెంచీ దాకా నడిచి కూలబడ్డాను. ఎవరూ తల కూడా తిప్పలేదు.

అప్పుడు మేడం సుద్దముక్క పక్కన పెట్టి రిజిస్టర్ తీసింది. ఆ రోజు అప్పటిదాకా హాజరే పిలవలేదట. నా నంబరు వచ్చింది. "ప్రెజెంట్ మేడం" అన్నాను. భయానికి గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే, పక్క గదిలో పాఠం చెప్తున్న సారు లేచొచ్చి మా తలుపులోంచి తొంగి చూశాడు.