అల్లిపొద మీద దుప్పట్లు

ఇవాళ పొద్దున్న ఇక్కడే, బర్మాలో సంచౌంగ్‌లోని మా చర్చి ఆవరణ నించి అన్నయ్య కూతురు ఫోనులో ఫొటో పంపింది. కణుపు కణుపునా గుత్తులుగా నీలం పూలు. "అత్తా, ఇదేటి?" అని అడిగింది.

అది అల్లిపొద. సముద్రపు ఒడ్డున రాళ్లలో, కంపల మధ్య పెరిగే రకం. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. శ్రీకాకుళం వైపు నించి వచ్చిన మా పెద్దలెవరో గింజ తెచ్చి నాటారట. తర్వాత దాన్ని పట్టించుకున్నది మా పెద్దమ్మ ఒక్కతే, అదీ బట్టలు ఆరేసుకోడానికి. చర్చి వెనక గదిలో ఉంటూ నాలుగు వీధుల లుంగీలు, దుప్పట్లు ఉతికేది. కీళ్లనొప్పులతో గట్టిగా పిండలేక, నీళ్లోడుతుండగానే పొదమీద పరిచేసేది.

ఒకసారి యూనివర్సిటీలో చదివే బర్మా అమ్మాయి వచ్చి ఆకులు తిరగేసి చూసి, ఈ ఊళ్లో ఇలాంటిది ఇంకెక్కడా చూళ్లేదంది. అంతే! మా సంఘపెద్దలకి ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. వెదురుదడి కట్టించారు, బోర్డు పెట్టించారు. "ఇకమీద దీనిమీద బట్టలు వెయ్యొద్దమ్మా, అరుదైన మొక్కట," అన్నారు పాస్టరు అయ్యగారు మెత్తగా.

"మరి ఈ దుప్పట్లు నా నెత్తిమీద ఆరేసుకోనా, అయ్యగారూ?" అంది పెద్దమ్మ.

పక్క బిల్డింగు డాబామీద చోటు దొరికింది, నాలుగంతస్తులు ఎక్కాలి. బేసిను ఒకవైపు నేను పట్టుకున్నా మెట్టుమెట్టుకీ ఆగి రొప్పేది. బట్టలు ఆలస్యమై రెండిళ్లవాళ్లు మానేశారు. ఆవిడ నవ్వడం తగ్గించింది.

ఎండలు ముదిరాయి. పొద ఆకులు ముడుచుకుని, అంచులు మాడాయి. ఆ అమ్మాయి మళ్లీ వచ్చి మట్టి తాకి చూసి, "ఇదివరకు దీనికి నీళ్లెవరు పోసేవారు?" అని పెద్దల్ని బర్మా భాషలో అడిగింది.

"పొయ్యడమేటి? నా దుప్పట్లు కారీవి," అంది దడి అవతల నించి పెద్దమ్మ.

అయ్యగారే ఒకపక్క దడి విప్పారు. ఆవిడ మూడు రోజులు అటు వెళ్లలేదు. నాలుగోరోజు అయ్యగారు తన తెల్లంగీ చేతులమీద పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డారు. "నీకు కుదిరితే ఉతుకమ్మా," అన్నారు. పొదమీద మళ్లీ మొదట ఆరింది ఆ అంగీయే. వానలు పడేసరికి కొత్త చిగుళ్లొచ్చాయి.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వంతులవారీగా నీళ్లు పోస్తున్నాం, ఎవరి వంతెప్పుడో గోడమీద కాగితం అంటించుకుని మరీ. కాలం గడిచిపోయిందంటాం గానీ, అందులో చాలాభాగం ఎవరో తమ పని తాము చేసుకుంటూ మనకి తెలీకుండానే మోసిన రోజులే.