నిలువు మాత్రమే నింపిన ఆరు పేజీలు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మధురైలో ఒక కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. సాయంత్రం అందరూ వెళ్ళాక దీపాలార్పి తాళం వేసేది నేనే. ఒక్కనాడూ ఏమీ కనబడలేదు, వినబడలేదు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నా కళ్ళతో చూసింది. ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాను.

మా అన్న కోయంబత్తూరులో మోటారు పంపులు చేసే ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. మాది ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేను నలభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, అన్న ఆ జోలికి పోలేదు. ఇద్దరం ఒకే తమిళ పేపరు తెప్పించుకునేవాళ్ళం. అందులో రోజూ వచ్చే గళ్ళ నుడికట్టు రెండు ఊళ్ళ ఎడిషన్లలోనూ ఒకటే.

మా ఆయన చనిపోయిన నెలలోనే అన్న ఒక అలవాటు మొదలుపెట్టాడు. పొద్దున ఏడు గంటలకు ఫోన్ చేసేవాడు. అడ్డం గళ్ళు నావి, నిలువు గళ్ళు అతనివి. ఒకరివి ఒకరు నింపకూడదు. ఫోన్లో చెప్పుకుని సరిచూసుకోవాలి.

"ఏం పాపా, నీ అడ్డం ముగిసిందా? నాది కాఫీ చల్లారేలోపల అయిపొయ్యె" అనేవాడు. నాకు అరవై దాటినా పాపనే. ఏదైనా తట్టలేదంటే, పుస్తకాల అట్టలు తుడిచినవాళ్ళకు ఇంతకంటే రాదులే అని వెక్కిరించేవాడు. పదకొండేళ్ళు అలాగే జరిగింది.

ఒక రోజు ఏడుకు ఫోన్ రాలేదు. ఎనిమిదిన్నరకు వదిన చేసింది. అన్నకు పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి.

మధురై ఆరప్పాళయం బస్టాండులో బస్సెక్కి మధ్యాహ్నానికి కోయంబత్తూరు ఆస్పత్రికి చేరాను. అన్న నన్ను గుర్తుపట్టాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. డాక్టరు ప్రాణానికి ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు, ఇంకొక పోటు రాకుండా ఉంటే మెల్లమెల్లగా కోలుకోవచ్చన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకుని వదినా నేనూ మంచం పక్కన కూర్చున్నాం.

మంచినీళ్ళో, నొప్పో, ఏదైనా రాసి చూపించగలడేమోనని మూడో రోజు నేనే కిందికి వెళ్ళి లెక్కలు చేసుకునే గళ్ళ నోటుబుక్కు ఒకటి కొన్నాను. పెన్ను ఎడమచేతిలో పెట్టాం. నీళ్ళు అని రాయలేదు. గళ్ళు గీయడం మొదలుపెట్టాడు. కొన్ని గళ్ళు నల్లగా నింపాడు, కొన్నిట్లో వంకర అక్షరాలు పెట్టాడు. మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి ఆరు పేజీలు నింపి, పెన్ను వదిలేసి నిద్రపోయాడు. ఇలాంటి రోగుల్లో చెయ్యి పాత అలవాటునే మళ్ళీ మళ్ళీ చేస్తుందని డాక్టరు చెప్పాడు. నాకూ సరిగానే అనిపించింది.

రక్తపోటు చూసిన నర్సుకు ఆ సమయంలో కాగితం దొరకలేదు. తెరిచి ఉన్న నోటుబుక్కులో అప్పటికే నింపిన నాలుగో పేజీ అంచున అంకెలు వేసింది. పక్కన తేదీ, ఆరు గంటలని టైము. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది కాబట్టి చెబుతున్నాను.

మర్నాడు పొద్దున పేపరు కొని, అన్నకు వినబడేలా ఆధారాలు చదువుతూ కూర్చున్నాను. అతనివి కూడా నేనే చదివాను. పాయసంలో వాసనకు వేసేది, ఐదు గళ్ళు. ఏలక్కాయ్, తమిళంలో పొల్లు అక్షరాలకూ ఒక్కో గడి. అక్షరాలు పైనుంచి కిందికి వేస్తుంటే, అదే మాటను అదే మూలలో అంతకుముందే చూసినట్టు అనిపించింది. నోటుబుక్కు తీశాను.

మొదటి పేజీలో అదే ఉంది. నల్లగళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. నిలువు మాటలన్నీ నింపి ఉన్నాయి. అడ్డం మాటల్లో నిలువుతో కలిసే అక్షరాలు తప్ప మిగతావి ఖాళీ.

పాత పజిల్‌నే మళ్ళీ వేసి ఉంటారనుకున్నాను. లైబ్రరీలో నా తర్వాత వచ్చినామెకు ఫోన్ చేసి, వాళ్ళ దగ్గర ఉన్న మూడేళ్ళ పేపర్లు చూడమని అడిగాను. పాపం, రెండు రోజులు కూర్చుని చూసింది. లేదంది. అంతకు ముందువి వాళ్ళ దగ్గర లేవు. అంటే నా విచారణ పూర్తి కాలేదు, అది ఒప్పుకోవాలి.

పేపరు చదవడం మొదలుపెట్టిన రెండో రోజున పజిల్ రెండో పేజీతో కలిసింది. మూడో రోజు మూడో పేజీతో కలిసింది. నాలుగో రోజు పేపరును, నర్సు తేదీ వేసిన పేజీ పక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఆ పేజీ పేపరు కంటే నాలుగు రోజులు పెద్దది.

వదినకు అప్పుడు చెప్పాను. ఆమె పజిల్ వైపు చూడలేదు. నోటుబుక్కు తీసుకుని పేజీలు తిప్పింది. ఐదోది, ఆరోది, ఆ తర్వాత అన్నీ ఖాళీ పేజీలు. నా మొహం చూసింది. ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్న చేతిలో పెన్ను పెట్టి కొత్త పేజీ తీశాను. "ఇంకొకటి గీయి అణ్ణా. ఒకటే ఒకటి" అన్నాను. పెన్ను జారింది. మళ్ళీ పెట్టాను. నేనే గీతలు గీసి, అతని చెయ్యి పట్టుకుని గడిలో ఆనించాను. ఆ వేళ్ళలో బలం ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. అయినా రాయలేదు. సాయంత్రమూ అడిగాను. పొద్దున లేవగానే అడిగాను.

ఐదో రోజు పేపరు కొననన్నాను.

"నువ్వు కొనకుంటే మట్టుకు వాళ్ళు అచ్చు వెయ్యకుండా ఉంటారా?" అంది వదిన. "పొయ్యి తీసుకోని రా కమలా. నువ్వు చదివేదానికి ఆయన కాచుకోని ఉండారు."

తెచ్చాను. కలిసింది. ఆరో రోజూ కలిసింది. ఆ రోజంతా అన్నకు ఏమీ కాలేదు. అర ఇడ్లీ తిన్నాడు, కాలి బొటనవేలు కదిలించాడు. ఇలాగే ఉంటే వారంలో ఇంటికి తీసుకెళ్ళవచ్చని డాక్టరు చెప్పాడు. వదిన క్యాంటీన్ నుంచి రెండు కాఫీలు తెచ్చింది. మా పిచ్చికి మేమే కొంచెం నవ్వుకున్నాం.

ఏడో రోజు పేపరు తెచ్చి మొదటి నుంచి చదివాను. నోటుబుక్కులో దానికి పేజీ లేదు. పదకొండు గంటలకు రెండో పోటు వచ్చింది. డాక్టర్లు పరుగెత్తుకుని వచ్చారు, మమ్మల్ని బయట నిలబెట్టారు. పన్నెండు కాకముందే అయిపోయింది.

నోటుబుక్కు, ఆ ఏడు రోజుల పేపర్లు నా దగ్గరే ఉన్నాయి. చదువుకున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురికి చూపించాను. ఒకరు యాదృచ్ఛికం అన్నారు, ఒకరు నేనే తర్వాత నింపి మరిచిపోయి ఉంటానన్నారు. ఆ రెండోది నేనూ ఆలోచించాను. ఆ ఎడమచేతి అక్షరాలు నావి కావు. అంతకుమించి నాకు తెలియదు. అన్నకు ఎలా తెలిసిందో, అసలు తనకు తెలుసునో లేదో కూడా చెప్పలేను.

కర్మ రోజు వదిన ఒక మాట చెప్పింది. నేను ఆధారాలు చదువుతున్నంతసేపూ ఆ ఏడు పొద్దులూ అన్న నా మొహం వైపే చూస్తూ ఉండేవాడట. ఒకటి రెండుసార్లు ఎడమచెయ్యి నా వైపు చాపాడట. నేను చూడలేదు. నేను తల వంచుకుని నల్లగళ్ళు సరిచూసుకుంటున్నాను.