క్యారియర్ మీది గోనెసంచి

ఎల్లేశం సైకిలుకు ముప్పై ఏళ్లు. మణికొండ నుంచి హైటెక్ సిటీలో తాను తోటపని చేసే ఆఫీసు దాకా, నిలిచిపోయిన కార్ల సందుల్లోంచి రోజూ దానిమీదే వెళతాడు. బయలుదేరేటప్పుడు మాత్రం మొదటి పది గజాలు నడకంత నెమ్మదిగా తొక్కుతాడు. అతని భార్య కిష్టమ్మ రెండడుగులు పరుగెత్తి వెనక క్యారియర్ మీదికి ఎగిరి కూర్చునేది అప్పుడే. వెనక్కి తిరక్కుండానే "కూసున్నవా?" అని అడిగేవాడు. ఆమె పోయి మూడేళ్లయింది. ఆమె మడిచి కట్టిన గోనెసంచి క్యారియర్ మీద అలాగే ఉంది. దానిమీద పూలకుండీ కూడా పెట్టనివ్వడు. పది గజాలు కాగానే ఇప్పటికీ అడుగుతాడు.

మొన్న సాయంత్రం వానకు రోడ్డంతా స్తంభించిపోయింది. అదే ఆఫీసులో పనిచేసే భానుశ్రీ క్యాబ్ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉండటం చూసి ఎల్లేశం సైకిలు ఆపాడు.

"ఆరింటికి క్రెష్ మూసేస్తారండి. పాపను ఎలా తెచ్చుకోవాలో తెలియడం లేదు."

ఎల్లేశం గోనెసంచి మీది నీళ్లు అరచేత్తో తుడిచాడు.

"కూసో బిడ్డా, జల్ది పోదాం."

ఆమె ముందే ఎక్కి కూర్చున్నా, అతను పది గజాలూ నెమ్మదిగానే తొక్కాడు.

"కూసున్నవా?"

"కూర్చున్నానండి," అంది భానుశ్రీ.

క్రెష్ గేటు కనబడేలోపు, అవసరం లేకపోయినా, ఎల్లేశం మళ్లీ అడిగాడు.