నయమైన మోకాలు

సాయిదుర్గ మోకాలు నయమైందని ఆపరేషన్ చేసిన డాక్టరుకు తెలుసు. దగ్గరుండి నడిపించిన ఫిజియోకు తెలుసు. జట్టు మేనేజరుకు ఇంకా బాగా తెలుసు. నయం కాలేదని కాగితం రాసుకొచ్చి సంతకం పెట్టమన్నది ఆయనే. పెదపాడులో సాయిదుర్గ వాళ్లింటి వరండాలో ఆ కాగితం నా చేతికే ఇచ్చారు, చదివి చెప్పమని. ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ అందులోని పేరా గుర్తొస్తే క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోతాను. పిల్లలు ముఖముఖాలు చూసుకుంటారు.

నేను అక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. సాయిదుర్గ ఆరో తరగతి నుంచి పది దాకా నా దగ్గరే చదివింది. ఇంగ్లీషులో ఆ పిల్లకు ఎప్పుడూ నలభై మార్కులు దాటలేదు. వాళ్ల నాన్న నాగేశ్వరరావు గారికి మూడెకరాలుంటే వరి మానేసి చేపల చెరువు తవ్వించారు. వేసవిలో చేపలు పట్టేసి చెరువు ఎండగట్టినప్పుడు, నెర్రెలు విచ్చిన ఆ అడుగు మీద సాయిదుర్గ హాకీ కర్ర పట్టుకుని ఒక్కతే బంతి కొట్టుకునేది. అక్కడ బంతి ఎటు దూకుతుందో దేవుడికి కూడా తెలియదు. దాన్ని ఆపడం నేర్చుకున్న పిల్లకు, తర్వాత కాకినాడలో చదునైన టర్ఫ్ మీద ఆడటం మంచినీళ్ల ప్రాయమైంది. రాష్ట్ర జట్టుకు ఆడింది. పంతొమ్మిదో ఏట, ఫ్రాంచైజీ జట్ల లీగ్ మొదలైనప్పుడు, సాగర్ స్ట్రైకర్స్ అనే జట్టు ఆమెను తీసుకుంటామంది.

ఇరవై రెండు పేజీల ఒప్పందం. నాగేశ్వరరావు గారు దాన్ని కవర్లో పెట్టుకుని మా ఇంటికొచ్చారు.

"ఇంగ్లీషు మాకేం తెలుస్తుందండీ మేడంగారూ. మీరోసారి చూసి సరే అంటే అమ్మాయి సంతకం పెట్టేస్తుందండి."

ఏడాదికి నాలుగు లక్షలు. మూడేళ్లకు ఒప్పందం, ఆ తర్వాత నాలుగేళ్లకు ఆప్షన్. ఆప్షన్ అంటే ఇష్టాన్ని బట్టి ఎంచుకునేదని నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. మూడేళ్ల తర్వాత అమ్మాయికి ఇష్టమైతే ఉంటుంది, లేకపోతే వెళ్లిపోతుంది అని ఆయనకు చెప్పాను. ఎవరి ఇష్టం అన్నది చూడలేదు. ఆ ఇష్టం జట్టుదేనని పదహారో పేజీలో ఒక్క వాక్యం ఉంది. ఆ పేజీ నేను తిప్పాను, చదవలేదు. ఆ పూట ఇంటికి చుట్టాలొస్తున్నారు, వంట తొందరలో ఉన్నాను. నాగేశ్వరరావు గారు నా మాట మీద కూతురి చేత ప్రతి పేజీలోనూ సంతకం పెట్టించారు.

మూడు సీజన్లు తిరిగేసరికి సాయిదుర్గ పేరు లీగ్‌లో అందరికీ తెలిసింది. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే కర్రతో బంతిని ఈడ్చి గోల్‌లోకి విసరడానికి ఆమెనే పిలిచేవాళ్లు. మూడో సీజన్లో అలా పదకొండు గోల్స్ కొట్టింది. ఉత్తరాది జట్టొకటి పాతిక లక్షలిస్తాం, రమ్మంది. నాగేశ్వరరావు గారింట్లో ఆ రోజు పూతరేకులు పంచారు. మూడేళ్లు అయిపోయాయి కాబట్టి వెళ్లిపోవచ్చని నేనే ధైర్యం చెప్పాను.

సాయిదుర్గ మేనేజరు హేమంత్‌కుమార్‌కు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది కాబట్టి మేమందరం విన్నాం.

"ఆప్షన్ మాది కదమ్మా. వాడేసుకున్నాం, నిన్ననే నీకు మెయిల్ పంపించాం. ఇంకో నాలుగేళ్లు మాతోనే."

"పోనీ జీతమన్నా పెంచండి సార్."

"నాకు మాత్రం పెంచాలని లేదా? క్యాప్ ఒప్పుకోదమ్మా."

క్యాప్ అంటే ఏమిటో ఆ రోజే తెలుసుకున్నాను. లీగ్‌లో ఏ జట్టయినా ప్లేయర్ల జీతాల కింద ఏడాదికి రెండు కోట్లు దాటకూడదు. డబ్బున్న జట్టు అందరినీ కొనేసుకోకుండా పెట్టిన నియమం. నియమంలో తప్పు లేదు. కానీ పాతిక లక్షలు చేసే పిల్లను నాలుగు లక్షలకు ఏడేళ్లు కట్టేసుకుంటే, ఆ మిగులుతో విదేశాల నుంచి ఇంకొకరిని తెచ్చుకోవచ్చు. హేమంత్‌కుమార్ ఉద్యోగమే అది. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఆయన మైదానం వైపు కాకుండా ల్యాప్‌టాప్ వైపు చూస్తూ ఉంటాడని సాయిదుర్గ చెప్పేది.

నా తప్పు నాగేశ్వరరావు గారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

"నా చెరువు కూడా అంతేగా మేడంగారూ. పోయినేడు ఐదేళ్లకి లీజు రాసిచ్చాను. ఇప్పుడు చుట్టూ రేటు రెట్టింపైంది. నేను గట్టు మీద నిలబడి చూడటమేనండి." కండువా దులుపుకుని, "కాకపోతే చెరువుకి వయసు రాదు కదండీ," అన్నారు.

నాలుగో సీజన్ ఆఖరి మ్యాచ్‌లో ఇంకొకమ్మాయి జారి వచ్చి సాయిదుర్గ మోకాలి మీద పడింది. లోపల లిగమెంటు తెగింది. ఆపరేషన్ ఖర్చు జట్టే పెట్టుకుంది. ఆ మాట దాచకూడదు. జట్టు ఫిజియో పద్మప్రియ వారానికి రెండుసార్లు ఏలూరు వచ్చి దగ్గరుండి కసరత్తులు చేయించేది. మొదటి నెల మంచం దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆరో నెలకు మెట్లెక్కింది. తొమ్మిదో నెలలో పద్మప్రియ ఆమెను పరిగెత్తించి, గెంతించి, ఒక్కసారిగా వెనక్కి తిప్పించి చూసి, ఆటకు సిద్ధంగా ఉందని రిపోర్టు రాసింది. దాన్ని జట్టుకు పంపి, సాయిదుర్గ ఫోన్‌కూ పంపింది.

"నీ కాలు గురించిన కాగితం నీ దగ్గరా ఉండాలి," అందట.

కొత్త సీజన్ మొదలవడానికి ఇంకో పది రోజులుందనగా హేమంత్‌కుమార్ కారులో పెదపాడు వచ్చాడు. యాపిల్ పళ్ల బుట్ట తెచ్చాడు. సాయిదుర్గ తల్లి వెంకటనరసమ్మ గారు కాఫీ ఇచ్చారు. నన్ను ముందే పిలిపించారు. ఆయన సంచిలోంచి కాగితం తీశాడు.

ఈసారి నేను ప్రతి మాటా చదివాను. చదివి, అందరికీ వినపడేలా తెలుగులో చెప్పాను. "నా మోకాలిలో నొప్పి తగ్గలేదు. ఈ సీజన్ ఆడే స్థితిలో లేను. ఈ మాట నా ఇష్టపూర్వకంగా తెలియజేస్తున్నాను."

"నొప్పి లేదండి," అంది సాయిదుర్గ.

"నీకు లేదని నాకూ తెలుసమ్మా," అన్నాడు హేమంత్‌కుమార్ మెల్లగా. "విషయం చెబుతాను విను. నువ్వు గాయంతో ఉన్నావని నీ బదులు విదేశాల నుంచి ఒకమ్మాయిని తెచ్చాం. ముప్ఫై ఐదు లక్షలు. గాయపడినవాళ్ల బదులు వచ్చినవాళ్ల జీతం క్యాప్‌లో కలపరు. నువ్వు ఫిట్ అన్న రోజున కలిపేస్తారు. అప్పుడు మనం క్యాప్ దాటిపోతాం. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఇంటికి పంపించాలి. వాళ్ల ఉసురు నీకెందుకు?"

"నేను పంపిస్తున్నానాండి వాళ్లని?"

"అది కాదు. నీ జీతం నీకొచ్చేస్తుంది. హాయిగా ఇంట్లో ఉండు. ఎవరికిస్తారమ్మా ఇలాంటి అవకాశం?"

"ఇండియా జట్టు క్యాంపుకి ఈ సీజన్ ఆట చూసే కదండీ పిలుస్తారు."

"వచ్చే ఏడు చూసుకుందాం."

"వచ్చే ఏడు ఎవరికి నొప్పుందని రాయిస్తారండి?"

మా వైపు మనుషులకు కోపమొస్తే గొంతు లేవదు, అండీలు ఎక్కువవుతాయి. హేమంత్‌కుమార్‌కు అది తెలియలేదు. మెత్తబడిందనుకుని పెన్ను ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. అప్పుడు ఆయన ముఖం మారింది.

"నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా, మా డాక్టరు ఫిట్ అనకపోతే దిగలేవు. ఒప్పందంలో ఉంది. మీ మేడంగారిని అడుగు."

నిజమే, ఉంది. నేను తల దించుకున్నాను.

నాగేశ్వరరావు గారు లేచి బుట్ట తీసుకెళ్లి కారు బానెట్ మీద పెట్టొచ్చారు. "దారిలో తినండి బాబూ," అన్నారు.

సీజన్ మొదలైంది. గాయపడినవాళ్ల జాబితాలో సాయిదుర్గ పేరు పెట్టారు. ఆమె త్వరగా కోలుకోవాలని టీవీలో వ్యాఖ్యాతలు జాలిపడ్డారు. ఆ పిల్ల అదే రోజు పొద్దున్న ఏలూరు గ్రౌండులో పది రౌండ్లు పరిగెత్తి వచ్చి, సోఫాలో కూర్చుని ఆ జాలి మాటలు వింది. రిపోర్టు మార్చి రాయమని పద్మప్రియ మీద ఒత్తిడి తెచ్చారు. ఆమె రాయనంది. వారం తిరక్కుండా ఆమె స్థానంలో ఇంకొకరొచ్చారు.

జనవరిలో తాడేపల్లిగూడెంలో స్థానిక హాకీ టోర్నమెంటు జరిగింది. గూడెం జట్టులో సాయిదుర్గ పేరిచ్చిందని తెలిసి నేను పరిగెత్తుకెళ్లాను.

"బయట ఆడకూడదమ్మా. తొమ్మిదో పేజీలో ఉంది. ఆడితే నిన్నే తప్పు పడతారు."

"చదవండి మేడమ్."

చదివాను. అర్థం చెప్పాను. రెండోసారి కూడా చదవమంది.

"అర్థమైందండి," అని కిట్ బ్యాగు జిప్పు వేసుకుంది. "ఆదివారం మీరు ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని రండి."

ఆ ఆదివారం ఎర్రమట్టి గ్రౌండు గట్టున కూర్చుని నేను మ్యాచ్ అంతా ఫోన్లో తీశాను. ఆట మొదలయ్యే ముందు సాయిదుర్గ నా దగ్గరకొచ్చి, ఆ రోజు పేపరు మొదటి పేజీ తేదీ కనపడేలా ఫోన్ ముందు పట్టుకుని, తన పేరు, జట్టు పేరు చెప్పింది. తర్వాత ఒక్క నిమిషం కూడా బయటకు రాకుండా ఆడింది. గెలవడానికి ఆడినట్టు లేదు. అవసరం లేని చోట కూడా పరిగెత్తింది, ఆ కాలి మీదే తిరిగింది, ఆ కాలి మీదే ఆగింది. చివరి విజిల్ ఊదాక నా ముందుకొచ్చి ప్యాంటు మోకాలి పైకి మడిచి, ఆపరేషన్ గీత కనిపించేలా నిలబడి, పదిసార్లు గుంజీలు తీసింది. ఆ గుంజీలు నేను పైకే లెక్కపెట్టాను. వీడియోలో అది వినిపిస్తుంది.

ఆ వీడియోను, పద్మప్రియ రిపోర్టును జతచేసి లీగ్‌కు ఫిర్యాదు పంపాం. రాసింది నేను. ఇరవై ఏళ్లలో ఇంగ్లీషు అంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదు. వీడియో పేపర్లవాళ్లకు కూడా చేరింది. హేమంత్‌కుమార్ మాత్రం క్రీడాకారిణి భద్రత కోసమే విశ్రాంతినిచ్చామని ప్రకటన ఇచ్చాడు.

ఫిబ్రవరిలో ఇండియా క్యాంపు జాబితా వచ్చింది. సాయిదుర్గ పేరు లేదు. లీగ్‌లో ఆడనివాళ్లను పరిశీలించలేదన్నారు. సాగర్ స్ట్రైకర్స్ ఫైనల్ దాకా వెళ్లింది. మా ఫిర్యాదు మీద విచారణ మార్చిలో, సీజనంతా ముగిశాక, హైదరాబాదులో ఒక హోటల్ గదిలో పెట్టారు. ముగ్గురు పెద్దమనుషులు. పద్మప్రియ సొంత ఖర్చుతో వచ్చి సాక్ష్యం చెప్పింది. వాళ్లు రెండు గంటలు విని, నెల తర్వాత తీర్పు పంపారు.

జట్టు తప్పుడు వివరాలిచ్చింది కాబట్టి పది లక్షల జరిమానా. సాయిదుర్గ అనుమతి లేకుండా బయట ఆడింది కాబట్టి ఒక సీజన్ నిషేధం. ఒప్పందం రద్దు.

ఇద్దరిదీ తప్పేనన్నారు. అబద్ధం రాయించబోయినవాళ్లకు పది లక్షలు, ఆ అబద్ధం మీద సంతకం పెట్టనన్న పిల్లకు ఏడాది కాలం. పది లక్షలు వాళ్లు మర్నాడే కట్టేశారు. జరిమానా క్యాప్‌లోకి రాదట.

ఆ తీర్పు చదివి వినిపించి నేను ఏడ్చాను. మొదటి ఒప్పందం సరిగ్గా చదివి ఉంటే ఇదంతా జరిగేది కాదు అన్నాను.

"మీరు తప్పు చదివారు మేడమ్," అంది సాయిదుర్గ. "వాళ్లు తప్పు చేశారు. రెండూ ఒకటి కాదండి."

ఆ మాటతో నా బరువు దిగిందనుకోకండి. దిగలేదు.

నిషేధం ఉన్న ఏడాది ఆమె గూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పింది. ఆదివారాలు మా ఇంటికొచ్చి పాత ఒప్పందం ముందేసుకుని ఒక్కో పేజీ చదివేది. తెలియని మాటను పెన్సిలుతో చుట్టేది. ఏడాది తిరిగేసరికి నేను అర్థం చెప్పాల్సిన మాటలు లేకుండా పోయాయి.

నిషేధం తీరాక ఇంకో జట్టు పిలిచింది. వాళ్ల మేనేజరు కిరణ్ కుమార్ ఏలూరులో హోటల్ గదికి రమ్మన్నాడు. నన్నూ తీసుకెళ్లింది గానీ కాగితాలు నా చేతికివ్వలేదు. తనే రెండు గంటలు చదివింది.

"ఐదేళ్లకమ్మా. ఏడాదికి పద్దెనిమిది లక్షలు. నీకూ భద్రత," అన్నాడాయన.

"ఏడాదికేనండి. ఇంకోటి, నేను ఫిట్టో కాదో బయటి డాక్టరు చెప్పాలి. అది రాయండి."

"లీగ్‌లో ఎవరూ ఇలా అడగలేదమ్మా. అందరూ ఉన్నదున్నట్టే సంతకం పెట్టారు."

"వాళ్లందరి నంబర్లూ నా దగ్గరున్నాయండి. రోజూ మాట్లాడుకుంటున్నాం."

ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. ఏడాదికి కాబట్టి పన్నెండే ఇస్తానన్నాడు. సరేనంది.

పోయిన సీజన్ ఆడింది. తొమ్మిది గోల్స్ కొట్టింది. క్యాంపుకు మాత్రం పిలుపు రాలేదు. ఆ స్థానంలో ఇప్పుడు తనకంటే చిన్నవాళ్లు కుదురుకున్నారు. సాయిదుర్గకు పాతికేళ్లు.

మొన్న లీగ్ వాళ్ల సభలో హేమంత్‌కుమార్‌కు శాలువా కప్పారు. క్యాప్ పరిమితిలో ఉంటూ గొప్ప జట్టును కట్టినందుకట. ఆ ఫొటో సాయిదుర్గే నాకు పంపింది. నేను ఫోన్ బల్ల మీద బోర్లించాను.