మామగారి తద్దినానికి కోడికూర

ఈ ఉదయం బర్మాలో మేముండే పేట, సంచౌంగ్ బజారులో కొవ్వొత్తుల కట్టలు గుట్టలుపోసి అమ్ముతున్నారు. తడింజు పండగ వచ్చేసిందన్నమాట. వానాకాలం మూడు నెలలూ దేవలోకంలో తల్లికి ధర్మం బోధించి, బుద్ధుడు కిందికి దిగివచ్చిన పున్నమి అది. ఆయనకు దారి కనబడాలని ఊరంతా దీపాలు పెడుతుంది. దీపాలతో నాకు పేచీ లేదు. ఆ పండగకు చిన్నవాళ్లు పెద్దల ముందు మోకరిల్లే ఆచారం ఒకటుంది, నా ఇబ్బంది దానితో. కొవ్వొత్తుల వైపు చూడకుండా వంకాయల దగ్గర బేరమాడి, అలవాటు కొద్దీ ఓ మాట ఎక్కువే అని, ఇంటికొచ్చాను.

మా మరిది ఇదే ఊళ్లో అవతలి పేట తాకేటాలో ఉంటాడు. బర్మా పిల్లను చేసుకున్నాడు. మా మామగారు పోయాక వచ్చిన మొదటి తద్దినం రోజున, పంతులు విస్తళ్లు సర్దుతుండగా, మా తోటికోడలు వానలో తడుస్తూ క్యారియర్ పట్టుకుని వచ్చింది. మూత తీస్తే కోడికూర. వాళ్లలో పోయినవాళ్ల పేరిట, వాళ్లకు ఇష్టమైనవి వండి భిక్షువులకు పెడతారట. మాది పప్పుల దుకాణం, ఎప్పుడూ నీసు వండని ఇల్లు, ఆరోజు ఉల్లిపాయ కూడా గడప దాటదు. బంధువులందరి ఎదుటా నేను డిగ్రీ చదివిన నోటితో చెప్పవలసినదానికంటే బాగా ఎక్కువ చెప్పాను. ఆ పిల్ల ఒక్క మాట ఎదురు చెప్పలేదు. క్యారియర్ మూత పెట్టుకుని, వచ్చిన వానలోనే వెళ్లిపోయింది. మరిది మా గుమ్మం తొక్కడం మానేశాడు.

ఆ ఏడు తడింజు నాడు మాత్రం ఇద్దరూ వచ్చారు. ఆమె అరటిపళ్లు, కాఫీ పొట్లాలు, ఓ తువ్వాలు నా ముందు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకానించి, నేర్చుకున్న తెలుగులో కూడబలుక్కుంటూ అంది: "అక్కా, వొంటితో, నోటితో, మనసుతో తప్పు సేసుంటే సెమించండి."

చివరికి ఒప్పుకుంది అనుకున్నాను. అడిగిందే తడవుగా అందుకున్నాను. మడి అంటే ఏమిటో, శ్రాద్ధం అంటే ఏమిటో, పెద్దింటి పద్ధతులేమిటో, కుర్చీలోంచి కదలకుండా చెప్పుకుపోతున్నాను. ఆమె తల ఎత్తలేదు. ఎంత వినయమో అని లోపల మెచ్చుకున్నాను కూడా. పక్కన మంచం మీద మా అత్తగారు వక్క కొరుకుతోంది.

"ఏటే, దీవించవేటే? నువ్వు దీవిత్తే గానీ అది లెగకూడదు. పిల్ల నడుం ఇరిగిపోతంది."

"తప్పు ఒప్పుకుంటోంది కదా అత్తా, వినాలి మరి."

"ఏ తప్పు? ఆళ్లు పెద్దోళ్లందరికీ ఈ మాటే అంటారు. పక్కింటి ముసల్దానికీ అంటారు. నీ తగూ కోసం రాలేదది." వక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. "మీ మావకి కోడికూరంటే పేనం. సరుకు సూసొత్తాననీసి ఆదివారాలు తాకేటా ఎందుకెళ్లీవోడనుకున్నావు? దీని సేతి కూర కోసం. నీ పప్పు తిని ఏనాడైనా మెచ్చుకున్నాడేటే?"

మరిది కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. మామగారికి ఇష్టమైనదే ఆమె ఆయనకు తెచ్చింది. తద్దినం నాడు ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నా నోరు మూతపడేది. పోయిన మనిషి గుట్టు పదిమందిలో బయటపడకూడదని, నా తిట్లన్నీ కడుపులో పెట్టుకుని వెళ్లింది. ఆ మనిషి ఇంకా నా కాళ్ల దగ్గర వంగే ఉంది. ఏం దీవించానో గుర్తులేదు, ఆమె లేచి నవ్వడం గుర్తుంది. నుదుటి మీద నా గచ్చు దుమ్ము అంటుకుని ఉంది. తుడవడానికి చెయ్యి చాపలేకపోయాను.

అత్తగారు ఇప్పుడు లేదు. తోటికోడలు ఏటా వస్తుంది, అదే మాట అడుగుతుంది. నేల తాకీ తాకకముందే గబగబా దీవించేస్తాను. పెద్దవాళ్లు చిన్నవాళ్లను క్షమించమని అడిగే ఆచారం ఇక్కడ లేదు. ప్రతి ఆచారంతోనూ తగువు పెట్టుకునే దాన్ని, ఈ ఒక్కదాని చాటునే ఇన్నేళ్లుగా దాక్కున్నాను. రేపు మళ్లీ వస్తామని ఆమె ఇందాకే ఫోన్ చేసింది. దేవలోకం నుంచి దిగిరావడానికి బుద్ధుడికి మూడు నెలలు చాలాయి. ఈ కుర్చీలోంచి దిగడానికి నాకు ఒక జీవితకాలం సరిపోతుందో లేదో.