దురద లేని మచ్చలు

2005 నవంబరు, శుక్రవారం. ఇంట్లో ఉన్నవాళ్ళు: మంచం మీద నా భార్య, ఆమెకు తోడుగా సత్యవేడు నుంచి వచ్చిన వాళ్ళక్క, నేను.

వేరుశనగ పీకే రోజుల్లో నా భార్య సత్యవేడులో అక్క చేనికి వెళ్ళి, గట్టు మీద గడ్డిలో కూర్చుని కాయలు తెంపి వచ్చింది. తిరుపతికి తిరిగొచ్చాక పట్టుకున్న జ్వరం రెండో వారంలోనూ దిగలేదు. టైఫాయిడేమోనని వీధి చివరి డాక్టరు ఇచ్చిన మాత్రలు నడుస్తున్నాయి. ఆ ఉదయం రవిక మారుస్తుంటే పొట్ట మీద, రొమ్ము మీద లేత ఎర్ర మచ్చలు కనిపించాయి.

"అమ్మోరు పోసింది. మాత్రలు ఆపేయ్ మరిదీ. మందేస్తే లోపలికి తిరుక్కుంటాది" అంది వదిన. పక్క మీద వేపాకు పరిచింది. వేపాకు, పసుపు నూరి ఒంటికి పట్టించింది.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. తట్టు అయితే ముందు ముఖం మీద రావాలి. ముఖం శుభ్రంగా ఉంది. వేలితో నొక్కితే మచ్చ మాయమై మళ్ళీ వస్తోంది. నీరు లేదు, దురద లేదు. మాత్రలు పడలేదా? వంటగదిలోకి వెళ్ళడం, వచ్చి దుప్పటి తొలగించి చూడడం.

"ఎన్నిసార్లు సూస్తారు? నేనేమన్నా క్యాలెండరా?" అంది నా భార్య.

మధ్యాహ్నానికి ఆ తెలివి కూడా పోయింది. నన్ను చూసి వాళ్ళ నాన్ననుకుని, "నాయనా, ఎద్దుల్ని కట్టేసినావా?" అంది. వెంటనే ఆటో పిలిచాను.

వదిన గుమ్మంలో అడ్డం నిలబడింది. "అమ్మోరుండే మనిషిని గడప దాటిస్తావా?"

"నువ్వూ రా వదినా. అమ్మోరికి నువ్వే సర్దిచెప్పు."

ఆమె గొణుక్కుంటూనే ఆటో ముందు వేపమండ గుచ్చి ఎక్కింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మచ్చలు చూసి, చేలోకి వెళ్ళిందా అని అడిగింది. వెళ్ళిందన్నాను. తడి దూదితో ఒంటి మీది పసుపు తుడుస్తూ నడుం దగ్గర ఆగింది. బీడీతో కాల్చినట్టు నల్లని పొక్కు.

"అది లంగా బొందు ఒరుసుకుందమ్మా. నేనే పసుపు పెట్టినాను" అంది వదిన.

"బొందు ఒరుసుకుంటే గీతలా ఉంటుంది పెద్దమ్మా. ఇది పురుగు కుట్టిన చోటు. గడ్డిలో ఉంటుంది, కంటికి కనపడదు. ఈ జ్వరం, ఈ మచ్చలు దాని వల్లేననుకుంటున్నా. రక్తం పరీక్షకు పంపుతాం, మందు మాత్రం ఇప్పుడే మొదలుపెడతాం."

వదిన ముఖం చిన్నబోయింది. "మా చేలో పురుగా? అయితే అమ్మోరు కాదా?"

"కాదు పెద్దమ్మా. వేపాకు ఉంటే ఉండనీ, మాత్రలు ఆపొద్దు."

నా భార్యను అక్కడే చేర్చుకున్నారు.

మర్నాడు పొద్దున ఆమెకు చెమట పట్టింది. జ్వరం పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. మచ్చలు అలాగే ఉన్నాయి. నేను దుప్పటి మీద చెయ్యి వేయగానే, "మళ్ళీ మొదలుపెట్టినారా?" అంది. నన్ను గుర్తుపట్టింది.

ఈ మాట చెబుదామని వదిన కోసం బయటికి వెళ్ళాను. ఎదుటి టెలిఫోను బూత్‌లో కొడుకుతో గట్టిగా మాట్లాడుతోంది. కాయలు తెంపిన రోజు చేని గట్టు మీద నా భార్యతో పాటు వదిన కోడలు కూడా కూర్చుంది.

"నీ పెండ్లానికీ జరమా? ఎప్పట్నించి? ... వేపాకు సంగతి తర్వాతరా! ముందు నడుంకాడ సూడు, సంకల్లో సూడు. నల్లగా పొక్కుండాదేమో సూడు. సిగ్గుపడితే తిట్టు. నేను బస్సెక్కతా ఉండా."

చెల్లెలి జ్వరం తగ్గిందని చెప్పాను. తల ఊపి, కాఫీ కూడా తాగకుండా బస్టాండు వైపు నడిచింది.